వెలిగే కత్తి మొన దగ్గర ఎందుకు మసకబారుతుంది?

పాఠశాల వార్షికోత్సవానికి ముందు రోజు రాత్రి చాలా ఇళ్లలో ఒక చిన్న వర్క్‌షాపు నడుస్తుంటుంది. నాటకంలో వీరుడికో, ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో అంతరిక్ష యోధుడికో వెలిగే కత్తి కావాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ముప్పై తెల్ల ఎల్ఈడీలు, సన్నని రాగి తీగ, మూడు పెన్సిల్ సెల్స్ తెచ్చి గంటసేపు సోల్డరింగ్ చేస్తే కత్తి సిద్ధమవుతుంది. స్విచ్ నొక్కగానే పిడి దగ్గర ధగధగా వెలుగుతుంది. మొనకు వెళ్లేసరికి మాత్రం వెలుగు నీరసపడుతుంది. సెల్స్ అయిపోయాయేమోనని కొత్తవి వేసినా ఆ తేడా పోదు.

1977లో వచ్చిన తొలి స్టార్ వార్స్ చిత్రంలో కత్తుల కాంతిని షూటింగ్ తర్వాత ఫ్రేము ఫ్రేముకూ చిత్రించి చేర్చారు కాబట్టి వారికి ఈ చిక్కు రాలేదు. ఇంట్లో చేసిన కత్తిలో మాత్రం కాంతి నిజమైనది. అది భౌతికశాస్త్ర నియమాలకు లోబడే వెలుగుతుంది.

బల్బు వేరు, ఎల్ఈడీ వేరు

పాతకాలపు ఫిలమెంట్ బల్బుకు వోల్టేజి కాస్త తగ్గితే దానిలోంచి పారే కరెంటు కూడా కాస్తే తగ్గుతుంది. ఎల్ఈడీ అలా కాదు. అది అర్ధవాహకం. ఒక స్థాయి దాటేవరకు కరెంటును దాదాపుగా పోనివ్వదు. దాటిన తర్వాత వోల్టేజిలో చిన్న మార్పుకే కరెంటు పెద్దగా మారిపోతుంది. సాధారణ తెల్ల ఎల్ఈడీ సుమారు 3.2 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 3 వోల్టుల దగ్గర అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. ఎల్ఈడీ వెలుగు దానిలోంచి పారే కరెంటును బట్టే ఉంటుంది. అందుకే 0.2 వోల్టుల తేడా కంటికి కనిపించేంత తేడాగా మారుతుంది.

ఆ 0.2 వోల్టులు ఎక్కడ పోయాయి?

తీగలోనే పోయాయి. పావు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు మీటరుకు సుమారు 0.35 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మీటరు పొడవున్న కత్తిలో పోవడానికొకటి, రావడానికొకటి రెండు తీగలు ఉంటాయి కాబట్టి మొత్తం 0.7 ఓమ్‌లు. ముప్పై ఎల్ఈడీలకు ఒక్కోదానికి 20 మిల్లీఆంపియర్ల చొప్పున 0.6 ఆంపియర్లు కావాలి. ఈ కరెంటు దారి పొడవునా ఎల్ఈడీలకు పంచుకుంటూ పోతుంది కాబట్టి, మొన దగ్గర వోల్టేజి తగ్గుదల మొత్తం లెక్కలో సగం ఉంటుంది. అంటే 0.6ను 0.7తో హెచ్చించి సగం చేస్తే సుమారు 0.2 వోల్టులు. సరిగా అతకని సోల్డరింగ్, మెలిపెట్టి వదిలేసిన తీగ ఉంటే ఇంకొంత పోతుంది. కత్తియుద్ధంలో దెబ్బలు తగిలి అతుకులు వదులైతే మధ్యలో కొన్ని దీపాలు మినుకుమినుకుమంటాయి.

ఒక్క రెసిస్టర్ చేసే మేలు

ఎల్ఈడీలను నేరుగా తీగకు కలిపేయకుండా, ప్రతిదానికీ విడిగా ఒక రెసిస్టర్ పెడితే పరిస్థితి మారుతుంది. మూడు కొత్త సెల్స్ నుంచి 4.5 వోల్టులు వస్తాయి. ఎల్ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 1.5 వోల్టులు 75 ఓమ్‌ల రెసిస్టర్ మీద పడి 20 మిల్లీఆంపియర్లు పారతాయి. మొన దగ్గర 0.2 వోల్టులు తగ్గినా కరెంటు 17, 18 మిల్లీఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. సగానికి పడిపోవలసినది ఎనిమిదో వంతు తగ్గుదలతో ఆగుతుంది. గతుకుల రోడ్డు మీద బండికి షాక్ అబ్జార్బర్ ఎలాంటిదో, ఎల్ఈడీకి రెసిస్టర్ అలాంటిది.

ఖర్చు తగ్గుతుందని అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే ఈ మేలు దక్కదు. ఒకే ప్యాకెట్‌లోని ఎల్ఈడీలు కూడా అచ్చు ఒకేలా ఉండవు. తయారీదారులు వాటిని వెలుగును బట్టి, రంగును బట్టి, వోల్టేజిని బట్టి వేరుచేసి అమ్ముతారు. చిల్లరగా దొరికే వాటిలో అన్నీ కలిసిపోతాయి. తక్కువ వోల్టేజికే వెలిగేది ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, వేడెక్కుతుంది. వేడెక్కిన ఎల్ఈడీకి కావలసిన వోల్టేజి ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. చివరకు అదే ముందుగా మాడిపోతుంది.

తెల్ల కత్తి ఎర్రబడితే

రంగులు మార్చే ఎల్ఈడీ పట్టీతో చేసిన కత్తిలో మరో వింత కనిపిస్తుంది. మొన దగ్గర తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. ఈ పట్టీలో ప్రతి దీపంలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్‌లు ఉంటాయి. 630 నానోమీటర్ల ఎరుపు కాంతి కణం శక్తి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. 460 నానోమీటర్ల నీలి కాంతి కణానిది 2.7. ఎక్కువ శక్తి గల కాంతిని పుట్టించే ఎల్ఈడీకి ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే ఎరుపు 2 వోల్టుల దగ్గరే వెలిగితే, నీలానికి, ఆకుపచ్చకు 3 వోల్టుల దాకా అవసరం. తీగ పొడవునా వోల్టేజి తగ్గుతూ పోతే ముందు ఓడిపోయేవి ఆ రెండే. మిగిలేది ఎరుపు.

ఇలాంటి శక్తిమంతమైన కాంతినిచ్చే పదార్థాన్ని తయారుచేయడం చాలాకాలం కష్టంగానే ఉండిపోయింది. కంటికి కనిపించే ఎరుపు ఎల్ఈడీ 1962లోనే వచ్చినా, సమర్థంగా వెలిగే నీలం ఎల్ఈడీ కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దానికిగాను ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

కన్ను తక్కువ చేసి చూపుతుంది

కాంతి సగమైతే కంటికి సగమైనట్టు తోచదు. ఒక ఉపరితలం నుంచి వచ్చే కాంతి సుమారు ఐదో వంతుకు పడిపోతేనే వెలుగు సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి మొన కాస్త మసకగా కనిపిస్తోందంటే అక్కడ కరెంటు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువే తగ్గి ఉంటుంది.

దీన్ని మల్టీమీటరుతో నిర్ధారించుకోవచ్చు. కత్తి వెలుగుతుండగా పిడి దగ్గర, మొన దగ్గర వోల్టేజి కొలవాలి. దీపాలన్నీ విప్పేసి వట్టి తీగను కొలిస్తే రెండుచోట్లా ఒకే అంకె వస్తుంది. కరెంటు పారితేనే తీగలో నష్టం ఉంటుంది.

వెలుగు కోసం ప్రమాదం వద్దు

వెలుగు చాలడం లేదని చాలామంది తరువాత చేసే పని, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి తీసిన లిథియం సెల్‌ను పెట్టడం. ఇక్కడే జాగ్రత్తపడాలి. తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే ఆ సెల్ పదుల ఆంపియర్లు ఇవ్వగలదు. 10 ఆంపియర్లు పారినా పైన చెప్పిన సన్నని తీగలో మీటరుకు 35 వాట్ల వేడి పుడుతుంది. అది మామూలు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కన్నా ఎక్కువ. అదీ పిల్లవాడి చేతిలోని ప్లాస్టిక్ గొట్టం లోపల.

అసలు పరిష్కారానికి పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. తీగ మందాన్ని అర మిల్లీమీటరుకు పెంచితే నిరోధం నాలుగో వంతుకు తగ్గుతుంది. లేదా పిడి నుంచి మరో జత మందపాటి తీగను మొన దాకా తీసుకెళ్లి, దీపాల వరుసకు రెండు చివరల నుంచీ కరెంటు ఇచ్చినా గరిష్ఠ తగ్గుదల దాదాపు నాలుగో వంతుకు వస్తుంది. ప్రతి ఎల్ఈడీకి సొంత రెసిస్టర్, గొట్టం లోపల వెలుగును సమంగా పరిచేందుకు పల్చని తెల్ల కాగితం, పిడిలో సెల్‌కు పక్కనే 1 ఆంపియర్ ఫ్యూజు ఉంటే చాలు. అప్పుడు వేదిక మీద కత్తి పిడి నుంచి మొన దాకా ఒకేలా వెలుగుతుంది, పట్టుకున్న చెయ్యీ భద్రంగా ఉంటుంది.