గుండ్లకమ్మ : నదియు నామమును

నల్లమల కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టి, కంభము, మార్కాపురము ప్రాంతముల మీదుగా ఈశాన్యమునకు సాగి, వినుకొండ సీమలో ఆగ్నేయమునకు మరలి, అద్దంకిని దాటి బంగాళాఖాతమున కలియు చిన్న నది గుండ్లకమ్మ. వానకాలమున పొంగుటయు, వేసవిలో ఇసుకమేటలుగా మిగులుటయు దీని స్వభావము. కావుననే దీనికి కట్టలు వేయవలసివచ్చినది. కంభము కడ రెండు కొండల నడుమ నిలిపిన చెరువునకు సుమారు 430 చదరపు మైళ్ల పరీవాహప్రాంతము కలదు. దానిని గజపతి పుత్రికయు, కృష్ణదేవరాయల దేవియు నగు వరదరాజమ్మ కట్టించెనని ఐతిహ్యము. 2020లో అది అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. దిగువ మల్లవరము కడ 2008లో ప్రారంభమైన జలాశయమునకు మాత్రము 2022లోను, 2023లోను గేట్లు కొట్టుకొనిపోయినవి.

నది యొడ్డున చందవరమున బౌద్ధస్తూపము బయల్పడినది. అద్దంకి మనకు మరింత ముఖ్యము. తరువోజ పద్యము గల పండరంగని శాసనము, ప్రోలయ వేమారెడ్డి రాజధాని, ఎఱ్ఱన కవితావ్యవసాయము — మూడును ఆ యూరివే.

ఇక నామవిచారము. సంస్కృత శాసనములలో ఈ నదికి 'బ్రహ్మకుండి' యని పేరు. దీనినిబట్టి 'గుండ్ల' యనునది కుండశబ్దభవమని తలచుట సులభము. జన్మస్థలమున బ్రహ్మేశ్వరుడును ఉన్నాడు గదా! కాని వ్యాకరణ మందుకు ఒప్పుకొనదు. 'గుండము'నకు బహువచనము గుండములు, గుండాలు. 'గుండ్ల' యను ఔపవిభక్తికరూపము 'గుండు'నకే చెల్లును. రాతిగుండ్ల నడుమ పుట్టిన యేటికి ఆ పేరు తగనిదియు కాదు. శాసనకవులు దేశ్యనామములను ధ్వనిసామ్యముచే సంస్కరించుట మన మెఱిగినదే. కావున బ్రహ్మకుండి మూలము కాదు, అనువాదమని నా యభిప్రాయము.

'కమ్మ' మాట వేఱు. మూడవ శతాబ్ది నాటి జగ్గయ్యపేట ప్రాకృత శాసనమున 'కమ్మకరఠము' కలదు; పల్లవుల చెందలూరు శాసనమునను అట్టి దేశనామమే కనబడును. అదియే పిమ్మట కమ్మనాడైనది. ఈ నది దిగువభాగము ఆ నాటిలోనిదే. నాటిపేరు నదికి వచ్చెనా, నదిపేరు నాటికి వచ్చెనా యనుటకు శాసనములు చాలవు. అయినను 'గుండ్లకు అమ్మ' యను జనవ్యుత్పత్తిని మాత్రము నిస్సంశయముగా విడువవచ్చును. వినుకొండ చెంత రైలుస్టేషనునకు సయితము ఈ నది పేరే యుండుటచే, ఆ వ్యుత్పత్తిని ప్రయాణికుల నోట నేటికిని వినుచుందుము.