ఇంట్లో డెస్క్‌టాప్‌కు వైఫై మాటిమాటికీ కట్ అవుతోందా? ముందు ఎక్కడ తెగుతోందో చూడాలి

చేతిలో ఫోన్ ఉన్నా, కొన్ని పనులకు ఇంట్లో డెస్క్‌టాప్ ముందు కూర్చోక తప్పదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం, హజ్ దరఖాస్తుకు పాస్‌పోర్ట్ కాపీలు అప్‌లోడ్ చేయడం, ఇంటి నుంచి ఆఫీసు పని, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ.. ఇవన్నీ పెద్ద స్క్రీన్ మీదే సులువు. సరిగ్గా ఫీజు కట్టే పేజీ తెరుచుకునే సమయానికి నెట్ పోతుంది. రెండు నిమిషాల్లో దానంతట అదే వస్తుంది. ఈలోగా ఖాతాలో డబ్బు పోయిందా, దరఖాస్తు వెళ్లిందా అన్నది తెలియదు.

నెట్ పూర్తిగా పోతే పెద్ద చిక్కు లేదు. నెట్‌వాలాకు ఫోన్ చేస్తే మనిషి వస్తాడు, బాగు చేస్తాడు. వచ్చిపోయే సమస్యే మొండిది. అతను వచ్చి చూసే వేళకు అంతా బాగానే నడుస్తుంటుంది. ‘ఒకసారి రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అని చెప్పి వెళ్లిపోతాడు. చివరికి విసిగిపోయి కొందరు కొత్త రూటర్ కొంటారు, కొందరు 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100కు మార్చుకుంటారు. కానీ ప్లాన్ పెంచితే వేగం పెరుగుతుంది తప్ప, మధ్యలో తెగే కనెక్షన్ నిలబడదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. తెగుతున్నది ఎక్కడ?

తెగడానికి రెండు చోట్లు

ఇంట్లో నెట్ రెండు దారుల మీదుగా వస్తుంది. మొదటిది నెట్ కంపెనీ నుంచి రూటర్ దాకా వచ్చే ఫైబర్ కేబుల్. రెండోది రూటర్ నుంచి కంప్యూటర్ దాకా గాలిలో నడిచే వైఫై. ఏది తెగినా ఇంట్లో వాళ్లు అనేది మాత్రం ‘వైఫై పోయింది’ అనే. ఫైబర్ తెగితే కంప్యూటర్‌లో ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు. వైఫై తెగితే కంపెనీకి ఎన్నిసార్లు కంప్లయింట్ ఇచ్చినా లాభం లేదు.

నెట్ పోయిన ఆ క్షణంలోనే ఒక ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా ఆఫ్ చేసి, అదే వైఫై మీద ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడాలి. ఫోన్‌లో కూడా రాకపోతే అనుమానం రూటర్ మీద, ఫైబర్ మీద. ఫోన్‌లో బాగానే వస్తూ డెస్క్‌టాప్‌లో మాత్రమే పోతే అనుమానం డెస్క్‌టాప్ మీద. ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే, బయటి నుంచి సిగ్నల్ రావడం లేదని అర్థం.

పింగ్ పరీక్ష

సమస్య ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు కంప్యూటర్‌నే కాపలా పెట్టవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘ఐపీకాన్ఫిగ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కితే, డిఫాల్ట్ గేట్‌వే అనే వరుసలో రూటర్ చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది.

ఇప్పుడు ‘పింగ్’ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దానికి ఆనుకుని చిన్న టీ అక్షరం టైప్ చేసి ఎంటర్ నొక్కాలి. ఆపేదాకా కంప్యూటర్ రూటర్‌ను పలకరిస్తూనే ఉంటుంది. ఇంకో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇదే పని 8.8.8.8 అనే చిరునామాకు చేయాలి. అది గూగుల్ నడిపే పబ్లిక్ సర్వర్. రెండు విండోలనూ పక్కపక్కన పెట్టుకుని మామూలుగా పని చేసుకోవచ్చు.

నెట్ పోయినప్పుడు రెండు విండోలూ ఒకేసారి ఆగిపోయి ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ లాంటి మాట చూపిస్తే, కంప్యూటర్‌కు రూటర్ అందడం లేదన్న మాట. అంటే గోల ఇంట్లోనే ఉంది. రూటర్ విండో చకచకా నడుస్తూ 8.8.8.8 విండో మాత్రమే ఆగిపోతే, వైఫై తప్పు లేదు. రూటర్ అవతల చూడాలి. ఆ స్క్రీన్‌ను టైమ్ కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత కంప్లయింట్‌కు పనికొస్తుంది.

టైమ్ రాసుకుంటే సగం జవాబు దొరికినట్టే

పింగ్‌తో పాటు ఒక కాగితం మీద మూడు నాలుగు రోజులు రాసుకోవాలి. ఏ టైమ్‌లో పోయింది, ఆ సమయంలో ఇంట్లో ఏం నడుస్తోంది, ఎంతసేపటికి తిరిగి వచ్చింది. ఈ మూడూ చాలు.

మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసినప్పుడల్లా పోతుంటే కారణం మైక్రోవేవ్ కావచ్చు. అది పని చేసేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే, పాత వైఫై బ్యాండ్ కూడా అదే. సాయంత్రం ఏడు తర్వాతే పోతుంటే చుట్టుపక్కల ఇళ్ల వైఫైల రద్దీని అనుమానించాలి. కాసేపు కంప్యూటర్ ముట్టుకోకుండా వదిలేసి తిరిగి వచ్చేసరికి పోతే పవర్ సేవింగ్ సెట్టింగ్ పని. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడు పోతే యూఎస్‌బీ పోర్టు గొడవ. ఎండాకాలం మధ్యాహ్నాలు పోతే రూటర్ వేడెక్కుతోందేమో చూడాలి. విండోస్ అప్‌డేట్ అయిన రోజు నుంచి మొదలైతే డ్రైవర్ వైపు చూడాలి.

డెస్క్‌టాప్‌కే ఉండే ఇబ్బంది

ల్యాప్‌టాప్‌లో వైఫై యాంటెన్నా సాధారణంగా స్క్రీన్ చుట్టూ, ఎత్తులో ఉంటుంది. డెస్క్‌టాప్‌లో అది సీపీయూ బాక్స్ వెనుక ఉంటుంది. ఆ బాక్స్ ఇనుప రేకు. దాన్ని టేబుల్ కింద, గోడకు ఆనించి పెడతారు. పక్కనే స్టీలు బీరువా ఉంటే చెప్పనక్కర్లేదు. పాతబస్తీలోని మందపాటి గోడల ఇళ్లలోనూ, కింది అంతస్తులో రూటర్, పై అంతస్తులో కంప్యూటర్ ఉన్న ఇళ్లలోనూ సిగ్నల్ అసలే బలహీనంగా చేరుతుంది. అందుకే అదే గదిలో ఫోన్‌కు నిండుగా గీతలు కనిపిస్తున్నా డెస్క్‌టాప్‌కు నెట్ నిలవదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ అయితే ముందు వెనక వైపు చూడాలి. వైఫై ఉన్న మదర్‌బోర్డుతో పాటు యాంటెన్నా విడిగా డబ్బాలో వస్తుంది. దాన్ని బిగించకపోయినా వైఫై కొద్దిగా పట్టుకుంటుంది, కాబట్టి లోపం తెలియదు. మరలు ఖాళీగా ఉంటే యాంటెన్నా బిగించాలి. ఉన్నవి వదులైతే చేత్తో తిప్పి గట్టి చేయాలి. సీపీయూను గోడ నుంచి ఓ అడుగు ముందుకు జరిపినా తేడా కనిపించవచ్చు.

చిన్న యూఎస్‌బీ డాంగిల్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్ల నుంచి వెలువడే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాలకు అడ్డుపడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డాంగిల్ పక్కనే హార్డ్ డిస్క్ గుచ్చి ఉంటే ఇదే జరుగుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ను సీపీయూకు దూరంగా టేబుల్ మీదకు తేవాలి. కొత్త రూటర్ ధరతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు.

విండోస్‌లో మార్చాల్సినవి

డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై అడాప్టర్ మీద రెండుసార్లు క్లిక్ చేయాలి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ ఆఫ్ చేసుకోవచ్చు అనే అర్థం వచ్చే గడి ఉంటుంది. అందులో టిక్ తీసేయాలి. కొన్ని కంప్యూటర్లలో ఈ ట్యాబ్ కనిపించదు. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి. అక్కడ వైర్‌లెస్ అడాప్టర్ ఉంటే మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. డాంగిల్ వాడేవాళ్లు అక్కడే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా ఆపేయాలి.

డ్రైవర్‌ను మదర్‌బోర్డు లేదా అడాప్టర్ తయారీ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోవాలి. ‘మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో’ అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకపోవడం మంచిది. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే, అదే అడాప్టర్ డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెనక్కి వెళ్లవచ్చు.

ఒక్క జాగ్రత్త. అన్నీ ఒకేరోజు మార్చేయకూడదు. ఒకటి మార్చి, ఒకటి రెండు రోజులు చూసి, తర్వాతే ఇంకొకటి. లేకపోతే ఏది పని చేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలు.

రూటర్ వైపు చూడాల్సినవి

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మూడే. అవి 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పాతిక రూటర్లు ఉంటే అన్నీ ఈ మూడింటిలోనే సర్దుకోవాలి. ఫోన్‌లో వైఫై అనలైజర్ తరహా యాప్‌తో చూసి, తక్కువ రద్దీ ఉన్నదాన్ని రూటర్ సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి. ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించాలి. వేగం కొంచెం తగ్గినా కనెక్షన్ నిలకడగా ఉంటుంది.

రూటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో కంప్యూటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ మేలు. అక్కడ రద్దీ తక్కువ, మైక్రోవేవ్ బెడదా ఉండదు. కానీ అది గోడలు దాటడంలో బలహీనం. చాలా రూటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడతాయి. సిగ్నల్ అటూఇటూగా ఉన్న చోట కంప్యూటర్ ఒకసారి దీని మీదకు, ఒకసారి దాని మీదకు గెంతుతుంది. గెంతినప్పుడల్లా వీడియో కాల్ ఆగుతుంది. రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టి, డెస్క్‌టాప్‌ను ఒకదానికే కట్టేస్తే ఈ గెంతులాట ఆగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కూడా 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ ఉందని అనిపిస్తే రూటర్ ఛానెల్ వదిలేస్తుంది. అలాంటి అనుమానం ఉంటే 36 నుంచి 48 మధ్యలో పెట్టి చూడవచ్చు.

రూటర్‌ను టీవీ వెనక, మూసిన అల్మారాలో, ఫ్రిజ్ మీద పెట్టకూడదు. గాలి ఆడే చోట, కాస్త ఎత్తులో ఉండాలి.

కరెంటు సంగతి మరవద్దు

డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటుంది. హాల్లో ఉన్న రూటర్‌కు చాలా ఇళ్లలో ఏదీ ఉండదు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో లైట్లు కూడా ఆరవు. రూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. చూసేవాళ్లకు ‘ఊరికే వైఫై పోయింది’ అనిపిస్తుంది. నెట్ పోయినప్పుడు రూటర్ లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయేమో చూస్తే విషయం తేలిపోతుంది. అడాప్టర్ పిన్ను వదులైనా ఇంతే. రూటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు సరిపోతాయో లేదో చూసుకోవాలి.

తప్పు కంపెనీ వైపు ఉంటే

రూటర్ పింగ్ నడుస్తూ బయటి పింగ్ మాత్రమే ఆగుతుంటే, ఆ ఫొటోలు, రాసుకున్న టైమ్‌లు దగ్గర పెట్టుకుని కస్టమర్ కేర్‌కు కంప్లయింట్ ఇవ్వాలి. నోటిమాటతో వదిలేయకుండా డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోవాలి. అక్కడ పరిష్కారం కాకపోతే ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పీల్ అధికారికి వెళ్లవచ్చు. అప్పుడు ఆ నంబరే ఆధారం. ‘అప్పుడప్పుడు పోతోంది’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘ఈ మూడు రోజుల్లో ఇన్నిసార్లు, ఈ టైమ్‌లలో పోయింది’ అంటే లైన్ చూడక తప్పదు.

ఖాయంగా కావాలంటే కేబులే

డెస్క్‌టాప్ ఇల్లంతా తిరిగేది కాదు. ఒకే చోట ఉండేదానికి వైఫైతో అంత కుస్తీ పట్టనవసరం లేదు. రూటర్ నుంచి గోడ అంచు వెంబడి ఒక క్యాట్ 6 ల్యాన్ కేబుల్ లాగితే ఛానెళ్లు, గోడలు, మైక్రోవేవ్ ఏదీ అడ్డు రాదు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పని చేస్తుంది, కాబట్టి పై అంతస్తు కూడా దూరం కాదు. గోడకు బిగించే ముందు రెండు రోజులు నేల మీద పరిచి వాడి చూడాలి. కేబుల్ మీద కూడా నెట్ తెగుతుంటే అది వైఫై గొడవ కాదని కూడా తేలిపోతుంది.

ఇవన్నీ తేలేలోపు ముఖ్యమైన దరఖాస్తు గడువు ముంచుకొస్తే, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయాలి. అప్పుడు కంప్యూటర్ ఫోన్ డేటాతో నడుస్తుంది. ఫీజు కట్టే పేజీకి వెళ్లకముందే ఇలా మార్చుకోవాలి, మధ్యలో కాదు. ఒకవేళ డబ్బు కట్టే సమయంలోనే నెట్ పోతే, వెంటనే రెండోసారి కట్టకుండా ముందు బ్యాంకు మెసేజ్, ఆ తర్వాత దరఖాస్తు సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూసుకోవాలి.