సముద్రానికి వెళ్ళి చెప్పులకు కాపలానా?

"ఆదివారం బీచ్‌కి వెళ్దామా?" అని ఇంట్లో ఎవరైనా అన్నారనుకోండి. పిల్లలు గంతులేస్తారు. మగవాళ్ళు కారు కిరాయి లెక్కలేస్తారు. మరి మనం? వంటింట్లోకి పరిగెడతాం! పులిహోరకి చింతపండు నానేయాలి, పెరుగన్నంలో దానిమ్మగింజలు కలపాలి, నీళ్ళ సీసాలు నింపాలి, తువ్వాళ్ళు సర్దాలి. తీరా సముద్రం దగ్గరకి వెళ్ళాక జరిగేదేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అందరూ నీళ్ళలోకి దిగుతారు. మనం ఒడ్డున కూర్చుని చెప్పులకీ, వాచీలకీ, టిఫిన్ క్యారియర్‌కీ కాపలా కాస్తాం.

కొన్నేళ్ళ కిందట విశాఖ రామకృష్ణా బీచ్‌లో నా పరిస్థితి అచ్చం ఇదే. ఊరికి తిరిగొచ్చాక పక్కింటి పిన్నిగారు "సముద్రం ఎలా ఉందే?" అని అడిగితే ఒక్క నిమిషం నోటమాట రాలేదు. నాకు గుర్తున్నవి ఆరు జతల చెప్పులు మాత్రమే!

అందుకే మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ విశాఖ ప్రయాణం అనగానే నేను రెండు షరతులు పెట్టాను. ఒకటి, వంట చేసి మోసుకెళ్ళేది లేదు. రెండు, చెప్పుల కాపలా వంతులవారీగా అందరూ చేయాలి. మావారు నవ్వేసి సరేనన్నారు. డెబ్భై దాటిన మా అత్తయ్యగారు మాత్రం "హోటలు తిండా!" అని మొహం చిట్లించారు. ఆవిడ సముద్రాన్ని చూసింది కార్తీకపౌర్ణమి స్నానాలకే. మూడు మునకలు, తడిబట్టలతో ఒక దణ్ణం, అంతే. "ఒక్కరోజు కూర్చుని చూడాలని ఉందే" అని ఆవిడే ఒకసారి నాతో అన్నమాట నేను మర్చిపోలేదు.

జలాంతర్గామిలో వంటిల్లు

సాయంత్రానికి విశాఖలో మా ఆడపడుచు ఇంటికి చేరాం. కాఫీలు తాగి నేరుగా ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామి దగ్గరికి వెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఈ జలాంతర్గామిని ఇసుక మీదకి లాగి నిలబెట్టి, 2002లో మ్యూజియంగా మార్చారు. లోపలికి వెళ్తే ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కాస్త కష్టమే. మా అత్తయ్యగారు బయట బెంచీ మీదే ఉండిపోయారు.

మా అబ్బాయి టార్పెడోల దగ్గర ఆగిపోతే, నేను వంటగది దగ్గర ఆగిపోయాను. అలమరలాంటి ఆ కాస్త చోటులోనే అంతమందికీ వండి వార్చేవాళ్ళట! కిటికీ లేని వంటింట్లో, సముద్రం అడుగున! మా ఇంట్లో గట్టు చిన్నదని నేను చేసే ఫిర్యాదు ఇకమీదట మానేయాలనుకున్నాను. మానేశానా అంటే... అది వేరే సంగతి లెండి.

భిక్షువుల భోజనశాల

మర్నాడు పొద్దున్నే అద్దెకారులో బయల్దేరాం. మా ఆడపడుచు "పోనీ నాలుగు ఇడ్లీలైనా కట్టిస్తాను వదినా" అంది. ఒద్దన్నాను! విశాఖ నుంచి భీమిలికి దాదాపు పాతిక కిలోమీటర్ల దారి. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. ఆర్టీసీ బస్సులు కూడా ఉన్నాయి కానీ, మధ్యలో దిగుతూ ఎక్కుతూ చూడాలంటే సొంత వాహనమో, అద్దె బండో ఉంటే సుఖం.

రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర పక్కకి తిరిగి పైకి వెళ్తే తొట్లకొండ. వాననీళ్ళు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం ఇది. నౌకాదళం వాళ్ళ సర్వేలో ఆనవాళ్ళు బయటపడితే, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల చిన్న చిన్న గదుల పునాదులు కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే, ఆ రోజుల్లో ఈ తీరానికి ఓడల వ్యాపారం ఎంత జోరుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

భోజనశాల, వంటశాల ఆనవాళ్ళు కూడా అక్కడున్నాయి. మా అత్తయ్యగారు అక్కడ ఇటుకల గోడ పక్కన నిలబడి "సన్యాసులకి కూడా వంటిల్లు తప్పలేదన్నమాట" అన్నారు. అందరం పకపకా నవ్వాం. పై నుంచి చూస్తే కింద నీలంగా సముద్రం. భిక్షువులు గదులు కట్టుకోవడానికి చోటు ఎంచుకున్న తీరు చూస్తే, వైరాగ్యంలో కూడా వాళ్ళకి అందం మీద మమకారం పోలేదేమో అనిపించింది.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో చూసే ఉంటారు. దగ్గరికి వెళ్తే అది మట్టి కాదు, ఇసుక అని తెలుస్తుంది. ఒకప్పుడు భూమ్మీద మంచుయుగం నడుస్తున్నప్పుడు సముద్రమట్టం వంద మీటర్లకు పైగా కిందకి పోయింది. అలా బయటపడ్డ ఇసుకని వేల ఏళ్ళపాటు గాలి ఎత్తి ఇక్కడ పోసింది. ఇసుకరేణువుల్లోని ఇనుము తుప్పుపట్టినట్టయి ఎర్రరంగొచ్చింది. తర్వాత వానలు ఆ దిబ్బల్ని కోసి, లోయలూ గోపురాలూ చేశాయి. ఇలాంటివి మన చుట్టుపక్కల తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

మా పిల్లలు దిబ్బ ఎక్కి జారుడుబండ ఆడబోయారు. ఒక్కసారి జారితే ఎన్ని దోసిళ్ళ ఇసుక కిందకి రాలిందో! గోరుతో గీసినా రాలుతుంది. "వేల ఏళ్ళు పట్టిందర్రా ఇది పోగవడానికి, మనం పది నిమిషాల్లో కరగదీస్తామా?" అంటే పాపం మొహాలు చిన్నబుచ్చుకుని దిగారు. చుట్టుపక్కల తవ్వకాల మీద గొడవలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. యంత్రాల్ని మనం ఆపలేకపోవచ్చు. మన పిల్లల్ని ఆపగలం కదా! ఉన్న కాలిబాటలోనే నడిస్తే చాలు. అక్కడ నీడ తక్కువ, మంచినీళ్ళూ మరుగుదొడ్లూ మన కోసం ఎదురుచూస్తుంటాయన్న ఆశ కూడా పెట్టుకోకండి. విశాఖలోనే అన్నీ చూసుకుని బయల్దేరడం మేలు.

గోస్తనీ నది పుట్టిల్లు, అత్తిల్లు

భీమిలి అసలు పేరు భీమునిపట్నం. బకాసురుణ్ణి చంపిన భీముడు ఇక్కడ నరసింహస్వామిని కొలిచాడని స్థానికుల కథ. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వచ్చి ఇక్కడ వర్తకస్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది! డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. కూసుగా పైకి లేచిన గుడిశిఖరాల్లాంటి కట్టడాలు. ఎక్కడో హాలెండులో పుట్టి, ఉప్పుగాలికి అలవాటు పడేలోపే ఇక్కడి మట్టిలో కలిసిపోయిన వాళ్ళు. వాళ్ళ తల్లులకి కబురు చేరడానికి ఎన్ని నెలలు పట్టిందో అని మనసు చివుక్కుమంది.

గోస్తనీ నది సముద్రంలో కలిసేది కూడా ఇక్కడే. 'ఆవు పొదుగు' అని ఆ పేరుకి అర్థం. బొర్రాగుహల పైకప్పు కన్నంలోంచి ఒక ఆవు లోపల పడిందనీ, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ, ఆ ఆవు పొదుగులోంచే నది పుట్టిందనీ చెప్పుకుంటారు. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాయిని తొలిచి గుహలు చేసి, తాటిపూడి జలాశయం నింపి, ఇక్కడికొచ్చి నిశ్శబ్దంగా సముద్రంలో కలుస్తుంది. "పుట్టింట్లో అంత చప్పుడు చేసి, అత్తింటికొచ్చేసరికి ఎంత నెమ్మదైపోయిందో చూశావా!" అన్నారు అత్తయ్యగారు. ఆ మాట ఆవిడ నది గురించే అన్నారా?

అలలు లేని చోటే అసలు భయం

ఇక అసలు సంగతి. భోజనాలయ్యాక ఒడ్డున కూర్చున్నాం. పక్కన రెండుచోట్ల అలలు ఎగిసిపడుతున్నాయి. వాటి మధ్య ఒకచోట నీళ్ళు చదునుగా, ప్రశాంతంగా ఉన్నాయి. మా అమ్మాయి "అమ్మా, ఇక్కడ అలలే లేవు" అంటూ మోకాళ్ళలోతు దాకా దిగింది. నేను కూడా అదే మంచిదనుకున్నాను. ఇంతలో చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె గట్టిగా అరిచింది.

"ఓలమ్మ! ఆ పిల్లని ఎనక్కి లాగండి. అలలు నేని కాడ బాగుందనుకుంటన్నారా? అక్కడే సంద్రం లోనకి ఈడ్చుకుపోద్ది!"

నేను పరిగెత్తి అమ్మాయి రెక్క పుచ్చుకుని లాగాను. అప్పటికే దాని కాళ్ళ కింద ఇసుక జారిపోతోందట. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. తర్వాత తెలుసుకున్నది మీకూ చెప్తాను. అలలతో ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి వెళ్ళడానికి ఇలాంటి సన్నని దారి చేసుకుంటాయి. అందుకే అక్కడ అలలు విరగవు. పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఓపికంతా అయిపోతుంది. గాభరాపడకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. చేయెత్తి సాయం పిలవాలి. ఈత వచ్చిన మగపిల్లలే మొండిధైర్యంతో ప్రాణాల మీదకి తెచ్చుకుంటున్నారు. పోలీసులు బోర్డు పెట్టిన చోట దిగనే కూడదు. కొత్త చోటైతే ముందు అక్కడి బెస్తవాళ్ళని అడగండి. సముద్రం సంగతి వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

ఆమెకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పిల్ల బాగుంటే సాలమ్మా" అని గంప సర్దుకుని వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదని ఇప్పటికీ బాధే.

తాబేలు తల్లి

ఈ తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, గుంట తవ్వి, దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది తల్లి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొచ్చి వాటి దారిన అవి నీళ్ళలోకి పోతాయి. రాత్రి లైట్లు వేసి అల్లరి చేస్తే అవి దారి తప్పుతాయి. వదిలేసిన ప్లాస్టిక్ సంచుల్ని తిని చస్తాయి. పులిహోర పొట్లాలు కట్టుకెళ్ళే మనం ఈ సంగతి మర్చిపోకూడదు. "అదృష్టవంతురాలు, కాపలా బాధ లేదు" అని నేనంటే మావారు గుర్తొచ్చినట్టు లేచి, చెప్పులన్నీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "వెళ్ళిరండి, ఇది నా వంతు" అన్నారు.

నేనూ అత్తయ్యగారూ చేయిచేయి పట్టుకుని, అలలు విరిగే చోట, చీలమండలు మాత్రమే తడిసేంత లోతులో నిలబడ్డాం. ఆవిడ మునగలేదు, దణ్ణం పెట్టలేదు. ఊరికే చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి, "ఇన్నేళ్ళూ దీనికి నా వీపే చూపించానే" అన్నారు నెమ్మదిగా. నిజమే కదా, స్నానం చేయడం, గబగబా ఒడ్డుకి తిరగడం!

ఈసారి మీరు సముద్రానికి వెళ్తే టిఫిన్ క్యారియర్ ఇంట్లోనే వదిలేయండి. చెప్పుల దగ్గర ఎవరో ఒకరిని కూర్చోబెట్టండి. అత్తగారినో, అమ్మనో చేయిపట్టుకుని తీసుకెళ్ళి, కాసేపు ఊరికే నిలబడండి.

పక్కింటి పిన్నిగారు ఈసారి కూడా అడిగారు, సముద్రం ఎలా ఉందని. కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను.