లెక్కల పుస్తకము ఎదుట విశ్వాసి: నీతి సిద్ధాంతముల వినియోగము

విశ్వాసులు వివాహము, వ్యాధి, ఆస్తి తగాదాల గూర్చి సంఘ కాపరి యొద్దకు వచ్చెదరు. ఆఫీసులోని చిక్కును తెచ్చువారు అరుదు. కొన్ని సంవత్సరముల క్రితము అట్లు వచ్చిన ఒక యౌవనస్థునికి మేము తప్పు సలహా ఇచ్చితిమి. ఈ వ్యాసమునకు అదే కారణము.

అతడు ఒక చిన్న కంపెనీలో అకౌంటెంటు. సరుకు ఏప్రిల్‌లో గాని వెళ్లదు. అయినను మార్చి 31లోపే అమ్మినట్లు ఇన్వాయిసు వేయుమని యజమాని చెప్పెను. ఆ లెక్కలు చూపి బ్యాంకు అప్పు పెంచుకొనవలెనని ఆయన ఉద్దేశము. "వేయకపోతే ఉద్యోగం పోతుంది అయ్యగారూ, ఏం చేయమంటారు?" అని అతడు అడిగెను. మేము ఎఫెసీ 6:5 చూపి, యజమానికి లోబడుము, బాధ్యత ఆయనదే అంటిమి. మరుసటి మార్చిలో అట్టి ఇన్వాయిసులు అనేకములైనవి. ఆడిటరు పట్టుకొనినప్పుడు తప్పంతయు అతనిదే అనిరి. ఉద్యోగము పోయినది. అతడు మన ఆరాధనకు వచ్చుటయు మానివేసెను.

సెమినరీలో చదివిన సిద్ధాంతములను ఆ దినమున మేము జ్ఞాపకము చేసికొనలేదు. కాంట్ 1785లో వివరించిన కర్తవ్యవాదము ప్రకారము, మన క్రియ వెనుకనున్న నియమమును అందరును పాటించగలరా అని అడుగవలెను. ప్రతి కంపెనీయు రేపటి అమ్మకమును నేడే వ్రాసినయెడల ఇన్వాయిసునకు విలువ యుండదు, దానిని నమ్మి అప్పిచ్చు బ్యాంకును ఉండదు.

ఫలితవాదమును మన విశ్వాసులు పేరు తెలియకయే వాడుచుందురు: "కంపెనీ నిలిస్తే ఇన్ని కుటుంబాలు బ్రతుకుతాయి గదా." అయితే 1861లో దీనిని సమర్థించిన జాన్ స్టూవర్ట్ మిల్ కోరినది వేరు. తన మేలును ఇతరుల మేలును పక్షపాతము లేకుండ తూచవలెను. మా లెక్కలో బ్యాంకులో సొమ్ము దాచుకొన్నవారు లేరు, అరువు సరుకు ఇచ్చినవారు లేరు, చివరకు ఆ యౌవనస్థుడే లేడు.

మనిషి చేయగా చేయగా అట్టివాడే యగునని అరిస్టాటిల్ బోధ. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఇందుకు ఉదాహరణ. నిజమైన లాభమునకు, చూపిన లాభమునకు మధ్య మొదట కొద్దిపాటి తేడాయే ఉండెననియు, ఏండ్ల తరబడి అది పెరిగినదనియు 2009 జనవరి 7న చైర్మన్ తన లేఖలో ఒప్పుకొనెను. నగదు, బ్యాంకు నిల్వలలోనే 5,040 కోట్ల రూపాయలు లేనివి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా తేల్చిన పదిమందిలో ఆర్థిక విభాగపు ఉద్యోగులును ఉన్నారు. శిక్షలు తరువాత అప్పీలులో నిలుపుదల అయినవి గాని, బాధ్యత యజమానిదే అను మా మాట చట్టము ఎదుట చెల్లదని తెలిసినది.

ఇక్కడ విద్యార్థులు తప్పక నిర్గమకాండము 1వ అధ్యాయములోని మంత్రసానులను ముందుకు తెచ్చెదరు. షిఫ్రా, పూయా ఫరోకు చెప్పినది నిజము కాదు గదా, దేవుడు వారికి మేలు చేసెను గదా అందురు. మంచి ప్రశ్నయే. ప్రాణము కాపాడుటకైనను అబద్ధమాడరాదని 1797లో వ్రాసిన కాంట్‌తో మేము ఏకీభవింపలేము. అయితే ఆ స్త్రీల మాట ఎవరిని కాపాడెను? బలవంతుడైన రాజు చేతినుండి పసిబిడ్డలను. ఇన్వాయిసు ఎవరిని కాపాడును? యజమానిని. దాని భారము పడునది బలహీనుల మీదనే. మంత్రసానులు తమ ప్రాణమునకు తెగించిరి. ఇచ్చట యజమాని గుమాస్తా బ్రతుకును పణముగా పెట్టెను.

నేడైతే మేము దానియేలు 1వ అధ్యాయము చూపుదుము. అతడు తిరుగుబాటు చేయలేదు. అధికారి యొద్దకు పోయి పది దినములు పరీక్షించుమని వేరొక మార్గము అడిగెను. ఆజ్ఞను వ్రాతపూర్వకముగా ఇమ్మని మర్యాదగా అడుగవచ్చును. అంతటితోనే వెనుకకు తగ్గు యజమానులు కలరు. లిస్టెడ్ కంపెనీలలోనైతే 2013 కంపెనీల చట్టము 177వ సెక్షను ప్రకారము ఫిర్యాదు మార్గము ఉండవలెను. చిన్న కంపెనీలో అదియు ఉండకపోవచ్చును, ఉద్యోగము పోవచ్చును. అప్పుడు ఇంటి అద్దె ఎవరు కట్టుదురు? ఈ ప్రశ్నను మేము సంఘ పెద్దల ఎదుట పెట్టితిమి. మనస్సాక్షి కొరకు ఉద్యోగము పోగొట్టుకొనిన వానికి మూడు నెలల అద్దె సంఘ నిధినుండి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అందుకు రెండు సమావేశములు పట్టినవి.