చేతికీ విశ్రాంతి కావాలి



తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది కోసే చేతులు మనవే. రోజంతా కొడవలి పడితే మణికట్టు నొస్తుంది. వికారాబాద్‌లో రోజంతా కంప్యూటర్ మీద టైపు చేసే బిడ్డకూ అదే నొప్పి రావచ్చు.

ఎందుకు?

ఒకే పని ఆపకుండా చేస్తే మణికట్టు లోపల వాపు వస్తుంది. వాపు నరాన్ని నొక్కుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రిపూట ఎక్కువవుతుంది. పట్టించుకోకుంటే చేతిలో పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే కూలి పోతుంది.

ఏం చేయాలి?

అరగంటకోసారి పని ఆపండి. వేళ్లు చాపండి, ముడవండి. కంప్యూటర్ ముందు మణికట్టు వంచొద్దు. తెర కంటికి ఎదురుగా ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి.

తిమ్మిరి తగ్గకుంటే సర్కారు దవాఖానకు పోండి. నొప్పి ఉందని చెప్పడం సోమరితనం కాదు.