దామగుండం అడవి నుంచి సముద్రం లోతుకు.. ఒక చిన్న మెసేజ్!

తాండూరు నుంచి లారీ నిండా నాపరాళ్లు వచ్చాయంటే 'అందులో వింతేముంది?' అంటాం. అదే లారీ నిండా యాపిల్స్ వచ్చాయంటే? 'నిజమా!' అని ఫోన్ పక్కన పెట్టి మరీ వింటాం. ఎంత ఊహించని కబురైతే అందులో అంత ఎక్కువ సమాచారం! ఇన్ఫర్మేషన్ థియరీకి మూలం ఈ చిన్న లెక్కే.

బిట్ పుట్టిందిలా..

సమాచారాన్ని కొలవొచ్చని 1928లోనే రాల్ఫ్ హార్ట్‌లీ చూపించాడు. దాన్ని పూర్తిస్థాయి శాస్త్రంగా మలిచింది మాత్రం బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్. 1948లో, 32 ఏళ్ల వయసులో! మాటైనా ఫొటో అయినా బిట్లలో కొలవొచ్చన్నాడు. ఏ దారిలోనైనా తప్పుల్లేకుండా సెకనుకు ఇన్ని బిట్లే పోతాయనీ, ఆ హద్దు బ్యాండ్‌విడ్త్ మీదా, సిగ్నల్‌తో పోలిస్తే రొద ఎంతుందన్న దానిమీదా ఆధారపడుతుందనీ తేల్చాడు.

ఆ తర్వాత ఈ శాస్త్రం ఆగలేదు. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ కాస్త చిరిగినా స్కాన్ అవుతోందా? అది 1960 నాటి రీడ్-సాలమన్ కోడ్ చలవే.

మన పూడూరులో..

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబర్ 15న నేవీ వీఎల్ఎఫ్ స్టేషన్‌కు శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. దీని పని జలాంతర్గాములకు సందేశాలు పంపడం.

సెల్ సిగ్నల్ ఉప్పునీళ్లలో పైపైనే ఆగిపోతుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ తరంగాలైతే కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. చిక్కేంటంటే, ఈ పట్టీ మొత్తం వెడల్పు 27 కిలోహెర్ట్జే! ఒక్క 4జీ క్యారియరే 20 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. అంటే 700 రెట్లకు పైగా. పవర్ పెంచితే కొంత లాభమే కానీ, ఇరుకు దారి ఇరుకు దారే. అందుకే వీడియో కాదు కదా, మాట కూడా పోదు. పొట్టి టెక్స్ట్ మాత్రమే పోతుంది.

పైగా 20 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 15 కిలోమీటర్లు. దానికి తగ్గట్టే భారీ యాంటెనాలు, సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి.

మూసీ పుట్టే అనంతగిరి ఉన్న జిల్లా ఇది. చెట్లు పోతాయి, నదికి ముప్పని పర్యావరణవేత్తలు వద్దన్నారు. దేశ రక్షణకు తప్పదని ప్రభుత్వం అంది.

సిగ్నల్ ఒక్క గీత తగ్గితేనే విసుక్కుంటాం కదా! ఒక చిన్న మెసేజ్ కోసం ఒక అడవి ఎంత ఇస్తోందో ఓసారి ఆలోచించండి. ఆ లెక్కకు మాత్రం షానన్ కూడా ఫార్ములా ఇవ్వలేదు.