గజ్జె కట్టే ముందు లెక్క చూసుకోండి

డ్యాన్స్ బృందంలో చేరితే కాళ్లతో పాటు ఇంకేం పని చేస్తాయి? ఉద్యోగం మాటేంటి?

రెజ్యూమెలో హాబీల దగ్గర ‘డ్యాన్స్’ అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ పదిమందైనా ఉంటారు. ఇంటర్వ్యూలో ‘ఎక్కడ నేర్చుకున్నారు? ఎవరితో కలిసి ప్రోగ్రాం ఇచ్చారు?’ అని అడిగితే ఎక్కువమంది దగ్గర ఉండే జవాబు ఒక్కటే: రీల్స్ చూసి నేర్చుకున్నాం సర్! అందులో తప్పేం లేదు. రీల్ చూస్తే స్టెప్ వచ్చేస్తుంది. రానిదల్లా పక్కన నలుగురు ఉన్నప్పుడు వాళ్లకి తగలకుండా, వాళ్ల కంటే ముందు పోకుండా, పాట మధ్యలో ఎవరైనా తడబడితే ఆ ఖాళీ కనపడకుండా ఆడటం. అది స్టూడియోలో వస్తుంది. మన పాతమాటలో చెప్పాలంటే మేళంలో వస్తుంది.

ఈమధ్య ఆ రీల్స్‌లో బెల్లీ డ్యాన్స్ కూడా బాగానే కనిపిస్తోంది. మన దగ్గర ఆ పేరు వినగానే సినిమాల్లో క్లబ్ పాటలు, జ్యోతిలక్ష్మి, జయమాలిని గుర్తొస్తారు. ఇంట్లో చెబితే వినిపించే మొదటి మాట ‘అదేం డ్యాన్సే!’ అన్నదే. కానీ ఈ నాట్యం ఊరు ఈజిప్టు. అక్కడ దాన్ని రక్స్ షర్కీ అంటారు, అంటే తూర్పు దేశపు నాట్యం. పెళ్లిళ్లలో, ఆడవాళ్ల మధ్య ఆడుకునే ఆట అది. ‘బెల్లీ డ్యాన్స్’ అన్నది పాశ్చాత్యులు తగిలించిన పేరు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత అమెరికాలో ఆ పేరు పాకిపోయింది, దాంతోపాటే చిన్నచూపూ పాకింది.

నేర్చుకోవడానికి కూర్చుంటే దీని కష్టం తెలుస్తుంది. ఒంట్లో ఒక భాగం కదులుతుంటే మిగతా ఒళ్లు కదలకూడదు. నడుము ఒక లెక్కలో, భుజాలు ఇంకో లెక్కలో, వేళ్లకు కట్టుకున్న చిన్న తాళాలు మరో లెక్కలో నడుస్తాయి. ఈజిప్టు పెళ్లిళ్లలో నర్తకి తలమీద వెలుగుతున్న దీపపు సెమ్మెతో ఆడుతుంది. తలమీద చెంబు పెట్టుకుని పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడే కూచిపూడి చూసిన కళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు.

1926లో కైరోలో బదియా మసాబ్ని అనే ఆవిడ సొంతంగా ఒక నాట్యశాల తెరిచింది. పెళ్లింట్లో గుండ్రంగా ఆడే నాట్యాన్ని వేదిక మీదకు తెచ్చి, వరసలు పెట్టి, బృందాలు కట్టింది. తాహియా కారియోకా, సామియా గమాల్ లాంటి తారలు అక్కడి నుంచే సినిమాల్లోకి వెళ్లారు. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరోలెనా నెరిచియో మొదలుపెట్టిన బృందం ఇంకో దారి పట్టింది. అక్కడ ముందుగా కట్టిన డ్యాన్స్ ఉండదు. అందరికీ తెలిసిన కదలికలు ఉంటాయి, ప్రతి కదలికకూ ఒక సంజ్ఞ ఉంటుంది. ముందు నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తిన తీరు చూసి మిగతావాళ్లు అందుకుంటారు. కాసేపటికి ముందున్న మనిషి వెనక్కి జరుగుతుంది, వెనకున్న అమ్మాయి ముందుకొస్తుంది. నడిపించడం, అనుసరించడం రెండూ అందరికీ వచ్చి ఉండాలి. గ్రూప్ డిస్కషన్ కోచింగ్‌లో ‘టీమ్ వర్క్’ గురించి గంటసేపు విన్నదానికంటే ఇందులోనే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

మన మేళం

ఇది అమెరికాలోనే పుట్టిన ఆలోచనేం కాదు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఇంటికి వెళ్లి చూడండి. తెల్లపొణికి చెక్క చెక్కేది ఒకరు, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికేది ఇంకొకరు, రంగులు వేసేది మరొకరు. పని చేతులు మారుతూ పోతేనే బొమ్మ నిలబడుతుంది. ఆ ఊరి నుంచి విజయవాడ వచ్చి, ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి దారి పడితే కూచిపూడి వస్తుంది. అక్కడి నాట్యం కూడా ఇలా పదిమంది చేతుల మీదుగా వచ్చిందే.

సిద్ధేంద్ర యోగి భామాకలాపం రాశాడనీ, ఊళ్లో ప్రతి ఇంటి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడనీ చెబుతారు. గోల్కొండ నవాబు తానీషా ఈ కళాకారులకు ఊరినే అగ్రహారంగా రాసిచ్చాడనీ అంటారు. మేళంలో పెరిగిన కుర్రవాడికి అడుగులు వస్తే సరిపోదు. పాడాలి, తాళం వేయాలి, శొల్లులు చెప్పాలి, వేషం కట్టాలి, సూత్రధారుడికి మాట అందించాలి. ఒకరికి గొంతు పోతే ఇంకొకరు ఎత్తుకోవాలి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా అంత పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారంటే వెనక ఈ మేళం శిక్షణ ఉంది.

ఆ రోజుల్లో ఆ ఊరి మేళంలో ఆడపిల్లకు చోటు లేదు. ఇదే డెల్టాలో భామాకలాపం ఆడిన కళావంతుల కుటుంబాల స్త్రీలు ఉండేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చాక వాళ్లకు వేదిక పోయింది, దాంతో బతుకుతెరువూ పోయింది. తర్వాత నటరాజ రామకృష్ణ లాంటివారు ఆ స్త్రీల దగ్గరే కూర్చుని నేర్చుకుని, ఆంధ్రనాట్యం పేరుతో ఆ సంప్రదాయాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. ఇవాళ బెల్లీ డ్యాన్స్ అంటే ముఖం చిట్లించేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఒక నాట్యం మర్యాదైనదా కాదా అన్నది అడుగుల్లో ఉండదు, ఎవరు ఆడుతున్నారన్న దాన్ని బట్టి ఊరు తేలుస్తుంది. ఆ తీర్పు మారుతూనే ఉంటుంది.

కూచిపూడిలో ఆ తీర్పు మారింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడపిల్లలకు నేర్పారు. ఆయన శిష్యుడు వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఊరి మేళం అక్కడ నగరపు స్టూడియో అయింది. కులం, ఊరు చూడకుండా పిల్లలు చేరారు. క్షీరసాగర మథనం, చండాలిక లాంటి నృత్యనాటకాల్లో ఒకరోజు నాయిక వేసిన అమ్మాయే ఇంకోరోజు వెనక వరసలో చెలికత్తె అయ్యేది. ఆ అకాడమీలో నేర్చుకున్నవాళ్లు దేశవిదేశాల్లో సొంత స్కూళ్లు పెట్టారు. సిలికానాంధ్ర నడిపే కూచిపూడి సమ్మేళనాల వెనక ఉన్న బలం ఈ స్కూళ్లే. 2016 డిసెంబరులో విజయవాడ మున్సిపల్ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంతమంది ఒకే తాళానికి ఎలా ఆడారు? ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి స్కూల్లో వాళ్లు అదే పాటను నేర్చుకుని వచ్చారు కాబట్టి!

డబ్బు ఎక్కడ వస్తుంది?

ఇక అసలు సంగతి. వేదిక మీద ఆడితే డబ్బులొస్తాయని చేరేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది, చాలాసార్లు వేదికే డబ్బులు తీసుకుంటుంది. అరంగేట్రం అంటే హాలు అద్దె, పాడేవాళ్లు, మృదంగం, వయొలిన్, వేణువు, నట్టువాంగం, ఆహార్యం, మేకప్, వచ్చినవాళ్లకు భోజనాలు... ఇవన్నీ ఆడే అమ్మాయి ఇంటి ఖర్చే. అందుకే చాలా స్కూళ్లు రికార్డు పాటతో సరిపెడుతున్నాయి. దసరాకు ఇంద్రకీలాద్రి మీద, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆడే అవకాశం వస్తే పేరు వస్తుంది, ఫొటో వస్తుంది. నెల గడవడానికి అది చాలదు.

నాట్యం చేసేవాళ్లలో ఎక్కువమందికి జీతం లాంటి ఆదాయం వచ్చేది నేర్పడం వల్ల. సాయంత్రం బ్యాచ్‌లు, స్కూళ్లలో వారానికి రెండు క్లాసులు, వార్షికోత్సవాల ముందు ఒకటి రెండు నెలలు విపరీతమైన పని, తర్వాత ఖాళీ. బెల్లీ డ్యాన్స్‌కూ ఇదే లెక్క. ఢిల్లీలో మెహర్ మాలిక్ నడిపే బంజారా స్కూల్ ఆఫ్ డ్యాన్స్ లాంటి సంస్థలు బృందంగా ఆడటం, నేర్పడం రెండూ కలిపి చేస్తాయి. చిన్న ఊళ్లలో అయితే ఫిట్‌నెస్ క్లాస్ పేరుతోనో, సంగీత్ ఈవెంట్లకు స్టెప్పులు నేర్పడంతోనో నెట్టుకురావాలి. పైగా బెల్లీ డ్యాన్స్ సర్టిఫికెట్ చూపించి ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయడం కుదరదు. కూచిపూడికి ఆ దారులు కొన్ని ఉన్నాయి, ఈ పేజీ చదివే మీకు పనికొచ్చేవి అవే.

మొదటిది, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్. వయసు 18 నుంచి 25, నెలకు రూ.5,000, రెండేళ్లు. దీనికి గురువు దగ్గర గానీ సంస్థలో గానీ కనీసం అయిదేళ్లు నేర్చుకుని ఉండాలి. అంటే ఫైనలియర్‌లో మొదలుపెట్టినవాళ్లకు ఇది దాదాపు అందదు. చిన్నప్పుడు నేర్చుకుని ఇంటర్‌లో ఎంసెట్ కోసం మానేసినవాళ్లు మన దగ్గర బోలెడుమంది. మళ్లీ గజ్జె కట్టడానికి వాళ్లకు ఇదొక కారణం. 25 దాటాక జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకు రూ.10,000. అది పరిశోధన ప్రాజెక్టుకు ఇచ్చేది కాబట్టి రాయడం కూడా వచ్చి ఉండాలి.

రెండోది చాలామందికి తెలియనిది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా లాగే కల్చరల్ కోటా ఉంది. పోస్టులు చాలా తక్కువ, ఒక్కో జోన్‌కు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలు చదువుతో పాటు ఆ కళలో గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్, డిప్లొమా లేదా డిగ్రీ అడుగుతారు. రాతపరీక్ష తర్వాత మీ ఎదుటే కూర్చుని ప్రదర్శన చూసి మార్కులు వేస్తారు. ఏ విభాగం కావాలో ఏడాదికోసారి మారుతుంది. ఒకసారి గాయకులు కావాలంటారు, ఇంకోసారి నర్తకులు. కాబట్టి దీన్ని నమ్ముకుని మిగతా ప్రిపరేషన్ ఆపొద్దు. నోటిఫికేషన్ మాత్రం చూస్తూ ఉండండి.

మూడోది బోధన. పీజీ చేసి యూజీసీ నెట్ రాయొచ్చు, అందులో ప్రదర్శన కళల కింద నాట్యం ఒక సబ్జెక్టు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో నాట్యంలో పీజీ ఉంది. వేరే డిగ్రీ చేస్తూనే పక్కన నేర్చుకోవాలనుకునేవాళ్లకు విజయవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. కూచిపూడిలో సిద్ధేంద్ర యోగి కళాపీఠం ఉంది. ప్రైవేటు స్కూల్లో నేర్చుకున్నా ఫర్వాలేదు, పరీక్ష మాత్రం ఇలాంటి చోట రాస్తే కాగితానికి విలువ ఉంటుంది. దూరదర్శన్ ఆడిషన్‌కు వెళ్లి గ్రేడ్ తెచ్చుకుంటే ప్రోగ్రాంలకు పిలిచేవాళ్ల దగ్గర అదొక గుర్తింపు.

ఇవన్నీ కలిపినా ఏడాదికి దొరికే ఉద్యోగాలు కొన్నే. మీరు బీటెక్ లేదా డిగ్రీ పక్కన పెట్టి నాట్యం మీదే పడితే, రెండేళ్ల పాటు ఇంట్లో ఖర్చులు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. ఆ జవాబు లేకపోతే ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు స్టూడియోకు వెళ్లడం నయం. ఇలా చేసేవాళ్లు బెంగళూరు, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలామందే ఉన్నారు, వాళ్ల ఆట ఏం తక్కువ కాదు.

ఏ స్టూడియోలో చేరాలి?

కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు నుంచి రోజూ విజయవాడ బస్సెక్కి కాలేజీకి వెళ్లేవాళ్లకు సాయంత్రం క్లాసంటే ఇంటికి చేరేది రాత్రి తొమ్మిదికి. కాబట్టి ముందు టైమింగ్ చూసుకోండి. తర్వాత ఒక వారం ఊరికే కూర్చుని క్లాసు చూస్తామని అడగండి. ఒప్పుకోని చోట చేరకపోతే నష్టం లేదు.

ఆ వారంలో మాస్టారు ఎలా ఆడతారన్నది చూడక్కర్లేదు. సీనియర్లు కొత్తవాళ్లతో ఎలా ఉన్నారో చూడండి. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు అడుగులు దిద్దుతున్నారా? పిల్లలు వాళ్లని ‘అక్కా’ అని పిలిచి ధైర్యంగా అడుగుతున్నారా? నట్టువాంగం మాస్టారు ఒక్కరే చెబుతున్నారా, పెద్ద బ్యాచ్‌వాళ్లకూ తాళం చేతికిస్తున్నారా? తాళం చేతికి ఇచ్చే చోట మీకు నేర్పడం కూడా వస్తుంది. ముందే చెప్పుకున్నాం, ఆదాయం ఉన్నది అక్కడే. ఎప్పుడూ ఒకే అమ్మాయి మధ్యలో నిలబడి, మిగతావాళ్లు అయిదేళ్లుగా వెనక వరసలోనే ఉన్నారంటే అది ఆ అమ్మాయి స్కూల్. బెల్లీ డ్యాన్స్ నేర్పే చోటైనా, వెస్టర్న్ నేర్పే చోటైనా ఇదే పరీక్ష పెట్టొచ్చు.

ఒంటి సంగతీ ఉంది. వార్మప్ లేకుండా నేరుగా అరమండిలో కూర్చోబెట్టే చోట మోకాళ్లు పాడవుతాయి, గచ్చు నేల మీద గంటల తరబడి అడుగులు కొట్టిస్తే మడమలు పోతాయి. నొప్పిగా ఉందంటే ‘అలవాటైపోతుందిలే’ అని కొట్టిపారేసే మాటను నమ్మకండి.

డబ్బు విషయం అడగడానికి మొహమాటపడతారు చాలామంది. గురువుగారిని డబ్బు గురించి ఏం అడుగుతాం అని! మొదటి రోజే, అమ్మనో నాన్ననో తీసుకెళ్లి అడగండి. నెల ఫీజు ఎంత, డ్రెస్సులు అద్దెకిస్తారా కొనాలా, బయట ప్రోగ్రాంకి తీసుకెళ్తే బస్సు ఖర్చు ఎవరిది, నిర్వాహకులు డబ్బులిస్తే అందులో ఆడినవాళ్లకు వాటా ఉంటుందా, అరంగేట్రం తప్పనిసరా, సర్టిఫికెట్ ఏ సంస్థ పేరుతో వస్తుంది... ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటిమాటగా చెప్పినవి కూడా అదే కాగితం మీద, వాళ్ల ఎదుటే రాసుకోండి.